తిన్నె మీద రాట్నం

మాట తోచనప్పుడు దేవసేన కుడిచేతి బొటనవేలునూ చూపుడువేలునూ కలిపి పురి పెడుతుంది. వేళ్ళ మధ్య ఏమీ ఉండదు. తెగిన పోగును అతికేటప్పుడు నేతగాళ్ళు చేసే పని అది. పోగు లేకపోయినా ఆమె చెయ్యి ఆ పని మానలేదు. రైల్లో చేస్తుంది. టీ చల్లారే లోపల చేస్తుంది. తిరువళ్ళూరులో, కాలేజీ తరగతిలో, చివరి బెంచీ మీద కూర్చుని మరీ ఎక్కువగా చేస్తుంది.

"అక్కా, మీరు వేళ్ళు నలిపినారంటే నాకు భయం. నేనేదో తప్పు చెప్పినట్టుంటాది" అంది ఒకసారి పాఠం చెప్పే అభినయ మేడమ్. మింజూరు దగ్గర తెలుగు రైతుల ఇంటి పిల్ల. పాఠం తమిళంలో చెప్పి, వరండాలోకి వస్తే దేవసేనతో తెలుగులో మాట్లాడుతుంది.

"తప్పు గాదు మేడమ్. యాడనో పోగు తెగింది. అతుకుతా ఉండా."

దేవసేనది తిరుత్తణి ఊరి చివర నేతగాళ్ళ వీధి. ఇంట్లో పక్కపక్కనే రెండు గుంట మగ్గాలు. ఒకటి మామ పచ్చయ్యప్పది, రెండోది ఆమెది. కాపురానికి వచ్చిన కొత్తల్లో దిగిన గుంట అది. కాళ్ళు గుంటలో, చేతులు మగ్గం మీద, కళ్ళు పోగుల మీద. పిల్లల్ని కన్నప్పుడు తప్ప దాన్ని వదల్లేదు. నిరుడు కుడి భుజం పట్టేసింది. పోగుల మధ్య అటూ ఇటూ నాడె విసరాలంటే చెయ్యి లేవదు. డాక్టరు ఆమె చెయ్యి ఎత్తించి, దించి, ఇక మగ్గం వద్దన్నాడు. దేవసేన గుంటలోంచి పైకి వచ్చింది. బట్ట నేసిన చోట బట్టలు ఆరేయడం మొదలైంది.

ఆ వీధిలో వయసును ఏళ్ళతో లెక్కపెట్టరు. పిల్లలు రాట్నం దగ్గర కూర్చుని, నాడెలో పెట్టే నూలు కండెలు చుడతారు. కాళ్ళు కింద తొక్కే చెక్కలకు అందిన రోజున గుంటలో దిగుతారు. కళ్ళు మసకబారి, మోకాళ్ళు మొండికేస్తే పైకి వచ్చి మళ్ళీ రాట్నం ముందు కూర్చుంటారు. అందుకే ఫలానా ఆయన ముసలివాడయ్యాడని అక్కడ ఎవరూ అనరు. "రాట్నం దగ్గరికి వచ్చేసినాడు" అంటారు. ఆ మాట కాస్త గొంతు తగ్గించి అంటారు.

దేవసేన మగ్గం మానిన వారానికే ఎదురింటి ఇంద్రాణి వాళ్ళింటి అటక మీది రాట్నం దులిపి మోసుకొచ్చింది. "ఏమ్మే, ఊరికే కూచుంటే తుప్పు పడతావు. కండెలన్నా చుట్టు" అంది. మంచికే అంది. దేవసేన సరే అక్కా అని, రాట్నాన్ని తలుపు వెనక గోడకు ఆనించింది. మర్నాడు రైల్వే స్టేషను గోడ మీద కాగితం చూసింది. తిరువళ్ళూరు కమ్యూనిటీ కాలేజీ, పెద్దవాళ్ళను చూసుకోవడంలో ఒక ఏడాది డిప్లొమా, పది పాసైతే చాలు, వయసుతో పని లేదు. వయసుతో పని లేదన్న చోట ఆమె కళ్ళు కాసేపు నిలబడ్డాయి.

భర్త మోహన్‌రాజ్ ఆవడిలో ఫ్యాక్టరీ పని చేస్తాడు. పొద్దున రైలుకు పోతాడు. ఆమె కూడా అదే రైలు ఎక్కుతానంటే నవ్వాడు. "పెండ్లాడి ఇన్నేండ్లయింది. ఇప్పుడొచ్చిందా మనకు కాలేజీ ప్రేమ?" అన్నాడు. మొదటి రోజు కిటికీ పక్క సీటు పట్టి, తిరువళ్ళూరు దాకా ఎవరినీ కూర్చోనివ్వలేదు.

కాలేజీ అంటే మేడ మీద మూడు గదులు. కింద జెరాక్సు అంగడి, పక్కన జ్యూసు అంగడి. తోటివాళ్ళంతా ఆమె బిడ్డల వయసు. ముసలివాళ్ళకు స్నానం చేయించడం, మాత్రలు వేయడం, మంచం మీద ఒత్తిగిలించడం నేర్పుతారనుకుంది. అవీ నేర్పారు. కానీ అభినయ మేడమ్ చెప్పే పాఠం వేరు. పెద్దయ్యాక మనిషి ఎట్లా మారతాడు, ఎట్లా ముసలివాడవుతాడు అన్నది ఆ పాఠం.

"ఇరవై ఏళ్ళకు ఎదగడం ఆగిపోయిందనుకుంటాం. ఆగదు" అంది మేడమ్ మొదటి రోజే. నలభై దాటితే చదవడానికి చెయ్యి పొడుగు చాలదు అంటే అందరూ నవ్వారు. దేవసేన అప్పటికే పుస్తకాన్ని చేతి పొడుగునా దూరం పెట్టుకుని ఉంది. వయసుతో వేగం తగ్గుతుంది, మాటలు తగ్గవు అంటే, ఆమెకు మామ గుర్తొచ్చాడు. నడి వయసులో మనిషికి తన దగ్గరున్నది ఎవరి చేతిలోనైనా పెట్టాలనిపిస్తుంది, అందుకునే చెయ్యి లేకపోతే లోపల ఎండిపోతాడు అని చెప్పిన రోజున, గంట కొట్టే దాకా ఆమె వేళ్ళు పురి పెడుతూనే ఉన్నాయి.

ఆమె తమిళ పాఠాన్ని తెలుగు అక్షరాల్లో రాసుకునేది. పక్కన కూర్చునే జనని ఇంట్లో తెలుగే మాట్లాడుతుంది గానీ చదవడం రాదు. "ఆంటీ, మీ నోట్సు కాపీ కొట్టేదానికి లేదు. ఇది మోసం" అనేది.

అట్లా పది నెలలు సాఫీగా నడిచింది. పైగా తిరువళ్ళూరులోనే పెద్దవాళ్ళను పగటిపూట చూసుకునే ఒక ఇల్లు ఉంది. డిప్లొమా చేతికి రాగానే రమ్మని వాళ్ళు మాటిచ్చారు. రోజంతా నలుగురి మధ్య పని. దేవసేన ఆ మాటను చీర కుచ్చెళ్ళలో దోపుకున్నట్టు దాచుకుంది.

చివరి పరీక్ష రాసేది కాదు. ప్రతి ఒక్కరూ డెబ్బై దాటిన ఒక మనిషిని వెంటబెట్టుకుని రావాలి. తరగతి ముందు ఎదురెదురుగా కూర్చోవాలి. ఆ మనిషి జీవితాన్ని మొదటి నుంచీ అడగాలి. మధ్యలో అడ్డురాకుండా వినాలి. అదే పరీక్ష. మనిషి రాకపోతే డిప్లొమా లేదు.

దేవసేనకు దిగులేముంది? ఇంట్లోనే ఉన్నాడు మామ. డెబ్బై ఆరు నిండి, ఇంకా గుంటలో దిగి చీరలు నేస్తున్న మనిషి. అడగ్గానే ఒప్పుకున్నాడు.

"నా కత ఒక గంటలో యాడ అయిపోతాది? వాళ్ళ కాలేజీలో మధ్యాన్నం భోజనం ఏర్పాటుండాదా?" అన్నాడు.

పరీక్ష ఇంకో పది రోజులుందనగా మేడమ్ ఒక పాఠం చెప్పింది. "పెద్దవాళ్ళ చేతిలో పని లాక్కోవద్దండి. ఆపించొద్దు. తేలిక చేయండి." ఆ మాట దేవసేనకు బాగా నచ్చింది. మామ గుంటలోంచి లేచేటప్పుడు దూలానికి కట్టిన తాడు పట్టుకుని, మోకాలి మీద చెయ్యి ఆనించి, మురుగా అంటూ లేస్తాడు. రైలు తిరువాలంగాడు దాటేలోపు ఏం చేయాలో ఆమెకు తెలిసిపోయింది.

ఆదివారం పొద్దున తలుపు వెనక రాట్నం బయటికి తీసింది. ఇరుసుకు నూనె వేసింది. పాత చీర మడిచి మెత్త కుట్టింది. వెలుతురు బాగుంటుందని, గాలి వస్తుందని, రాట్నాన్ని తీసుకెళ్ళి వీధి వైపు తిన్నె మీద పెట్టింది. పక్కన మంచినీళ్ళ చెంబు కూడా పెట్టింది. ఇంత బాగా చేసినందుకు ఆమెకే ముచ్చటేసింది.

"మామా, ఇట్ల రాండి. మోకాలు నొప్పి గదా. ఇంకమీద గుంటలో దిగొద్దు. చల్లగా ఈడ కూచోని నాలుగు కండెలు చుట్టండి, చాలు."

పచ్చయ్యప్ప రాట్నాన్ని చూశాడు. మెత్తను చూశాడు. వీధిని చూశాడు.

సరిగ్గా అప్పుడే పాల పాకెట్టు పట్టుకుని నటరాజ్ వస్తున్నాడు. ఆయనా ఆ వీధి నేతగాడే, పచ్చయ్యప్ప కంటే పెద్ద. ఆగి, చూసి, తల ఊపాడు. "ఏం పచ్చయ్యప్పా, మగ్గం మానేస్తివా? మంచిదే, మంచిదే" అన్నాడు. వీధి చివర దాకా వినబడేట్టు అన్నాడు.

పచ్చయ్యప్ప వెనక్కి తిరిగాడు. లోపలికి పోయాడు. గుంటలో దిగాడు. ఆ పూట నాడె చప్పుడు ఎంత జోరుగా వినిపించిందంటే, ఎదురింట్లో ఇంద్రాణి టీవీ సౌండు పెంచింది.

ఆ రోజు నుంచి ఆయన కోడలితో మాట మానేశాడు. కోడలు వడ్డిస్తుంటే కొడుకు వైపు తిరిగేవాడు. "మీ ఆవిడకు చెప్పు, పులుసులో ఉప్పు తక్కువని." మోహన్‌రాజ్ పక్కకు తిరిగి, "దేవసేనా, ఉప్పు తక్కువంట" అనేవాడు. కొడుకు లేనప్పుడు పిల్లితో చెప్పేవాడు. పిల్లి మెత్త మీద పడుకుని వినేది. రాట్నం దగ్గర ఆ చోటు దానికి బాగా కుదిరింది.

"ఇంకోటి కూడా చెప్పు. కాలేజీకి ముసలోళ్ళు గావాలంట గదా. నేను యాడ ముసలోన్ని? యాడన్నా ఎతుక్కోమను" అన్నాడు ఒకరోజు కొడుకుతో.

"మా నాయన రాడు. నన్ను పిలుచుకుపో, నాకూ నడుం నొప్పి ఉండాది" అన్నాడు మోహన్‌రాజ్ రైల్లో.

"నీకు డెబ్బై లేదు."

"నీతో కాపురం చేస్తే వచ్చేస్తాది."

దేవసేన నవ్వింది గానీ వేళ్ళు ఆగలేదు.

వీధిలో పెద్దవాళ్ళకు కొదవా? ముందు నటరాజ్ దగ్గరికి పోయింది. ఆయన మండిపడ్డాడు. "ఆడికృత్తిక పండగకు కావడి ఎత్తి కొండెక్కినోన్ని. నన్ను ముసలోడంటావా? ఆదికేశవులు ఉండాడు, నాకంటే మూడేండ్లు పెద్ద. వాణ్ణడుగు." ఆదికేశవులు మగ్గం మీద నుంచి తల ఎత్తకుండానే, "ఎవురు చెప్పింది? నటరాజే నాకంటే పెద్ద. వాడు బళ్ళో చేరినప్పుడు నేను పుట్టనే లేదు" అన్నాడు.

ధనకోటి అవ్వ తమలపాకు నములుతూ సాంతం విన్నది. విని, "నాకా డెబ్బై?" అంది. "నా కొడుక్కు యాభై. నాకు యాభై ఐదుంటాయి."

"ఐదేండ్లకే కొడుకును కన్నావా అవ్వా?"

"ఆ కాలం అట్లాంటిది." అని ఊసి, దగ్గరికి జరిగి అడిగింది. "నిజం చెప్పు మే. ఆ కాలేజీకి పోయినోళ్ళకు ఆడనే రాట్నం ఇచ్చేస్తారంట గదా?"

అప్పుడు అర్థమైంది దేవసేనకు. తిన్నె మీది రాట్నం కబురు వీధంతా తిరిగింది. తిరుగుతూ తిరుగుతూ కాలేజీయే రాట్నాలు పంచుతోందన్న దాకా పోయింది. ఇక ఆ వీధిలో డెబ్బై దాటినవాళ్ళు ఒక్కరూ లేకుండా పోయారు.

పరీక్ష రోజు ఆమె ఒంటరిగా మేడ మెట్లెక్కింది. జనని వాళ్ళ నానమ్మను ఆటోలో తెచ్చింది. ఆ నానమ్మ కడంబత్తూరులో తను చిన్నప్పుడు ఎక్కిన చింతచెట్టు దగ్గర మొదలుపెట్టి, చెట్టు దిగకుండానే తన టైమంతా వాడేసింది. అందరూ నవ్వారు. దేవసేన వంతు వచ్చింది. ఆమె ఒక కుర్చీలో కూర్చుంది. ఎదుటి కుర్చీ ఖాళీ. అభినయ మేడమ్ ఆమెను వరండాలోకి పిలిచింది.

"ఏమైంది అక్కా? మీ మామ వస్తాడంటిరే?"

దేవసేన అంతా చెప్పింది. మెత్త సంగతి, చెంబు సంగతి, నటరాజ్ సంగతి, పిల్లి సంగతి. మేడమ్ పిల్లి దాకా ఓర్చుకుంది. తర్వాత గోడ పట్టుకుని నవ్వింది.

"అక్కా, ముసలాయన్ని పిలుచుకు రమ్మంటే, ముసలాయన్ని చేసి వచ్చినారా?"

"మీరే గదా మేడమ్ తేలిక చేయమన్నారు."

"నేనన్నాను. మీ వీధిలో రాట్నమంటే ఏమో నాకేం తెలుసు? మీకు తెలుసు గదా."

తెలుసు. దేవసేనకు బాగా తెలుసు.

మేడమ్ నవ్వు ఆపుకుంది. "రేపు మధ్యాన్నం దాకా ఆగతాను. ఆ తర్వాత పేర్లు పంపించేయాల. ఎవురినైనా పిలుచుకు రాండి." తరగతిలోకి పోబోతూ వెనక్కి తిరిగింది. "ఒక మాట అక్కా. ఆ రాట్నం మీకు ఎవురన్నా ఇస్తే, మీరు కూచుంటారా?"

దేవసేన వేళ్ళు పురి పెట్టాయి.

తిరుగు రైల్లో కిటికీ దగ్గర కూర్చుంది. ఇంద్రాణి రాట్నం తెచ్చిన రోజు గుర్తొచ్చింది. మర్నాడే తను స్టేషనుకు ఎందుకు పోయింది? కూరగాయలకని చెప్పింది. కూరగాయల అంగడి స్టేషను వైపు లేదు. ఆ రాట్నం ముందు కూర్చోలేకే అటు వైపు నడిచింది. కూర్చోలేకనే కాలేజీలో చేరింది. తను పారిపోయి వచ్చిన దానికే మెత్త కుట్టి, నూనె వేసి, మామ ముందు పెట్టింది. అదీ తిన్నె మీద, ఊరంతా చూసేట్టు.

అరక్కోణం దాటాక అత్త వళ్ళియమ్మ గుర్తొచ్చింది. పోయి ఆరేళ్ళయింది. ఆమె పెళ్ళికూతురుగా వచ్చిన నాటి నుంచి పోయే దాకా ఆ ఇంట్లో రాట్నం ముందే కూర్చుంది. ఒక్కరోజు కూడా ఆమెను రాట్నం దగ్గరికి వచ్చేసిందని ఎవరూ అనలేదు. ఆమె చుట్టే కండెలు పచ్చయ్యప్ప మగ్గానికి. ఆయన రోజూ కండెను బొటనవేలితో నొక్కి చూసి, వదులుగా ఉండాది అనేవాడు. "నీ నోరు గట్టి, నా కండె వదులు" అనేది ఆమె. ఆమె పోయాక ఆయన కండెల కోసం వీధి చివర మోటారు రాట్నానికి పోవడం మొదలుపెట్టాడు. అవి ఇనుములా గట్టిగా వస్తాయి. వాటి మీద ఆయన ఏ మాటా అనగా దేవసేన వినలేదు.

ఇంటికి వచ్చేసరికి రాట్నం తిన్నె మీదే ఉంది. పిల్లి లేచి ఒళ్ళు విరుచుకుని మళ్ళీ పడుకుంది. లోపల మామ నేస్తున్నాడు. ఆ ఇంట్లో క్షమించమని అడిగే అలవాటు ఎవరికీ లేదు. అడిగినా ఏమని అడుగుతుంది? ఆమె వంట చేసింది. ఆయన రసం బాగుందని పిల్లితో చెప్పాడు.

తెల్లవారింది. మోహన్‌రాజ్ డబ్బా సర్దుకుని వాకిట్లో నిలబడ్డాడు.

"ఈ పొద్దు కాలేజీ లేదా?"

"ఉండాది. మధ్యాన్నం దాకా గడువిచ్చినారు. నీ రైలు గాదు, తర్వాతది."

అతను భార్యను చూశాడు, రాట్నాన్ని చూశాడు. డబ్బా పట్టుకుని పోయాడు.

దేవసేన పిల్లిని ఎత్తి కింద దింపింది. మెత్తను దులిపింది. మామ వాడే నీలం నూలు తెచ్చి తిన్నె మీద కూర్చుంది. కుడి భుజం సహకరించదు కనుక రాట్నాన్ని అటు తిప్పి పెట్టుకుని ఎడమ చేత్తో తిప్పింది. మొదట్లో నూలు ఎగుడుదిగుడుగా పడింది. తర్వాత చెయ్యికి గుర్తొచ్చింది. ఎనిమిదేళ్ళ వయసులో పుట్టింటి తిన్నె మీద కూడా ఇట్లాగే చుట్టేది.

ఇంద్రాణి చీపురు పట్టుకుని బయటికి వచ్చింది.

"ఏమ్మే, రాట్నం దగ్గరికి వచ్చేస్తివా?"

"వచ్చేసినా అక్కా" అంది దేవసేన. గొంతు తగ్గించలేదు. పాల పాకెట్టుతో పోతున్న నటరాజ్‌కు కూడా వినబడింది. ఆయన ఆగాడు. రాట్నాన్నీ ఆమెనూ చూసి, పాలు పట్టుకుని పోయాడు.

పోగు తెగింది. ఆమె బొటనవేలునూ చూపుడువేలునూ కలిపి అతికింది. రాట్నం మళ్ళీ తిరిగింది.

గిన్నెలో కండెలు వేసుకుని లోపలికి పోయి మగ్గం పక్కన పెట్టింది. "మామా, కండెలు."

పచ్చయ్యప్ప నాడె ఆపాడు. మోటారు కండె ఇంకా అందులోనే ఉంది. గిన్నెలోంచి ఒకటి తీసి బొటనవేలితో నొక్కాడు. కొడుకు ఇంట్లో లేడు. పిల్లి పొయ్యి దగ్గరుంది. ఆయన కోడలి మొహంలోకి చూశాడు.

"వదులుగా ఉండాది" అన్నాడు.

"మళ్ళీ చుట్టనా?"

"చుట్టు."

ఆమె బయటికి వచ్చి మళ్ళీ చుట్టింది. లోపల నాడె చప్పుడు మొదలైంది. ఆగింది. మళ్ళీ మొదలైంది. మళ్ళీ ఆగింది.

"ఏమ్మే" అన్నాడు లోపల నుంచి. "మీ కాలేజీలో మెట్లుండాయా?"

"ఉండాయి మామా. మేడ మీద."

తాడు కిర్రుమంది. మురుగా అని లేచిన చప్పుడు.

"అట్లయితే వచ్చే రైలుకే పోదాం. నిదానంగా ఎక్కల్ల. నీకు భుజం బాగలేదు. నా తెల్ల చొక్కా యాడ పెట్టినావు?"

దేవసేన రాట్నం మీద సగంలో ఉన్న కండెను గట్టిగా, చివరి దాకా చుట్టింది. దాన్ని గిన్నెలో వేసి, చొక్కా తీయడానికి లోపలికి పోయింది.